సముద్రం మధ్యలో సెంటర్ బోల్టు విరిగితే

సాలూరు నుంచి ఒడిశా కొండలెక్కే సుంకి ఘాట్‌లో లోడు లారీకి కమాన్ కట్ట, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట, సెంటర్ బోల్టు విరిగితే ఏం చేస్తారో మా సిమిలిగుడ వైపు చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. చక్రాల కింద రాళ్లు పెడతారు. వెనక వచ్చేవాళ్లకి తెలిసేలా చెట్టుకొమ్మలు విరిచి రోడ్డు మీద పరుస్తారు. కిందికి దిగే ఏ బండినో పట్టుకుని క్లీనరు సాలూరు పోతాడు. సాలూరంటే లారీల ఊరు. విరిగిన ముక్క బల్ల మీద పెడితే, కొట్టువాడు సైజు కూడా అడక్కుండా కొత్తది తీసి చేతిలో పెడతాడు. చీకటి పడేలోగా బండి మళ్లీ కొండెక్కుతుంది.

మా బావకి ఈ రూట్లోనే రెండు లారీలు తిరుగుతాయి. 2025 ఏప్రిల్ 28న ఫ్రాన్స్‌తో 26 రఫాల్ మెరైన్ విమానాలకు ఒప్పందం కుదిరిందన్న వార్త పేపర్లో చూసి నన్ను అడిగాడు. "బావా, నేవీకి మిగ్‌లు కొన్నారు కదా, అవేమయ్యాయి? స్పేర్లు దొరక్క ఆగిపోతున్నాయని రాస్తారు. అంత డబ్బు పెట్టి కొన్నవాళ్లు నాలుగు బోల్టులు ఎక్కువ కొని పెట్టుకోలేరా?"

లారీ నడిపేవాడికి రావలసిన ప్రశ్నే అది. కోరాపుట్ జిల్లా సునాబెడలోని విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసి రిటైరైన మా మావయ్య దగ్గర ఇన్నేళ్లుగా విన్నదీ, నేను చదివి తెలుసుకున్నదీ కలిపి జవాబు రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. విమాన వాహక నౌకల మీద నుంచి ఎగరడానికి మన నావికాదళం రష్యా నుంచి మిగ్-29కె విమానాలు తీసుకుంది. 2004 ఒప్పందంలో 16, 2010లో ఇంకో 29, మొత్తం 45. వీటి గురించి ప్రభుత్వ ఖర్చులు తనిఖీ చేసే కాగ్ 2016 జులైలో పార్లమెంటు ముందు ఒక నివేదిక పెట్టింది. ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాలు ఒంటి సీటు రకంలో 15.93 నుంచి 37.63 శాతం మధ్య, రెండు సీట్ల రకంలో 21.30 నుంచి 47.14 శాతం మధ్య ఉన్నాయని అందులో తేలింది. 2010 ఫిబ్రవరిలో ఇవి చేరినప్పటి నుంచి 40 ఇంజిన్లను, అంటే 62 శాతం ఇంజిన్లను, డిజైన్ లోపాల వల్ల పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇవి దాదాపు పదేళ్ల కిందటి అంకెలు. ఇవాళ్టి పరిస్థితి కూడా ఇదేనని ఎవరైనా అంటే నమ్మవద్దు. కానీ రోగం ఎక్కడ పుడుతుందో తెలియడానికి ఈ అంకెలు చాలు.

రష్యా సరుకు అంతే అని తోసేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అమెరికా ఎఫ్-35 సంగతి చూడండి. ప్రపంచంలో అంతకంటే ఖర్చు పెట్టి చేసిన యుద్ధ విమానం లేదు. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2023లో లెక్క తీస్తే, ఆ ఏడాది మార్చి నాటికి పని చెప్పడానికి సిద్ధంగా ఉన్నవి 55 శాతం. మరమ్మతు కోసం క్యూలో పడి ఉన్న భాగాలు 10,000 పైనే. డబ్బూ ఫ్యాక్టరీలూ రెండూ ఉన్న దేశం పరిస్థితి అది. కాబట్టి తప్పు ఒక్క దేశానిదని తేల్చేయడం కుదరదు.

నౌక మీది విమానం ఎందుకంత త్వరగా అరిగిపోతుందో అది దిగే తీరు చూస్తే తెలుస్తుంది. నేల మీద రన్‌వే పొడుగ్గా ఉంటుంది. పైలట్ చివర్లో ముక్కు కాస్త పైకెత్తి, విమానాన్ని మెల్లగా ఆనిస్తాడు. నౌక మీద ఆ మెల్లగా అన్నది లేదు. వచ్చిన వాలులోనే వచ్చి డెక్‌ని గుద్దుకుంటుంది. తోక కింద ఒక కొక్కెం ఉంటుంది. డెక్‌కి అడ్డంగా కట్టిన మూడు ఉక్కు తీగల్లో ఏదో ఒకటి ఆ కొక్కేనికి తగలాలి. గంటకు 240 కిలోమీటర్ల దరిదాపుల్లో వస్తున్నది, 90 మీటర్లలో, రెండు మూడు సెకన్లలో ఆగిపోవాలి. తీగ తగలకపోతే మళ్లీ ఎగిరిపోవాలి కాబట్టి చక్రాలు ఆనగానే పైలట్ ఇంజిన్ పవర్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. అంటే ఇంజిన్ ముందుకు లాగుతుంటే తీగ వెనక్కి లాగుతుంది. మధ్యలో ఆ దెబ్బంతా తినేది చక్రాల కాళ్లూ, కొక్కెం బిగించిన చోటూ, రెక్కల మడత కీళ్లూ, లోపల ఎలక్ట్రానిక్ పెట్టెలు కూర్చున్న బ్రాకెట్లూ.

లోడు లారీని బ్రేకు వేయకుండా గుంతలో దింపితే కమాన్ కట్టలు ఏమవుతాయో మా బావకి చెప్పక్కర్లేదు. ఇక్కడ ప్రతి ల్యాండింగూ అలాంటి గుంతే. డెక్ మీద పని చేసినప్పుడు భాగాలు చెడిపోతూనే ఉన్నాయనీ, డిజైన్‌లో ఎన్ని మార్పులు చేసినా ఆగలేదనీ కాగ్ రాసింది కూడా ఇందుకే.

దీనికి తోడు ఉప్పుగాలి. విశాఖ బీచ్ రోడ్డు ఇళ్ల ఇనప గేట్లు చూసినవాళ్లకి ఇంకేం చెప్పాలి.

ఇప్పుడు ఇంజిన్ దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది మా కొండల మీద జరిగే పని. సోవియట్ సాయంతో మిగ్-21 మన దేశంలో తయారు చేయాలనుకున్నప్పుడు పనిని మూడు చోట్లకి పంచారు. విమానం ఒళ్లు నాసిక్‌కి, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌కి, ఇంజిన్ కోరాపుట్‌కి. 1964లో అలా మొదలైందే సునాబెడ ఫ్యాక్టరీ. మిగ్-21ల ఆర్-11, ఆర్-25, తర్వాత మిగ్-27ది, ఆపైన మిగ్-29ల ఆర్‌డీ-33, సుఖోయ్-30ల ఏఎల్-31ఎఫ్‌పీ, అన్నీ ఇక్కడివే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఘాట్ ఎక్కి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. షిఫ్టు వదిలే వేళ సునాబెడ రోడ్డు మీద ఒడియాతో పాటు తెలుగు కూడా గట్టిగానే వినిపిస్తుంది.

టర్బైన్ బ్లేడ్ అంటే ఏమిటో చెప్పమంటే మావయ్య తన చూపుడు వేలు చూపిస్తారు. "ఇంత ఉంటుంది. కొంచెం మెలి తిరిగి ఉంటుంది. అడుగున వేరు భాగం మెట్లు మెట్లుగా ఉంటుంది, డిస్కు గాడిలో అది కూర్చోవాలి. చేత్తో పట్టుకుంటే ఏముందిలే అనిపిస్తుంది." దాని మీదికి వచ్చే గాలి వేడి, ఆ లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. మరి కరగదేం? బ్లేడ్ లోపల సన్నని దారులు ఉంటాయి. వాటిలోంచి కాస్త చల్లటి గాలి పోతూ ఉంటుంది. లోపల దారులు పెట్టి పోత పోయాలంటే మైనం కావాలి. బస్తర్ డోక్రా బొమ్మలు చేసేవాళ్లు, అటు ఆదిలాబాద్ ఓజాలు చేసేది ఏమిటి? మైనంతో రూపం చేసి, మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. సూత్రం అదే. మట్టికి బదులు సిరామిక్, కంచుకి బదులు నికెల్ మిశ్రమ లోహం. తేడా అంతా ఆ లోహం గడ్డకట్టేటప్పుడు లోపలి రేణువులు ఏ దిక్కుగా సర్దుకోవాలో కూడా మనమే నిర్ణయించడంలో ఉంది. అక్కడ పొరపాటు జరిగితే కంటికి ఏమీ కనబడదు. ఎక్స్‌రేలో, రంగు ద్రవం పూసి చూసే పరీక్షలో పట్టుకోవాలి. వెంట్రుక కంటే సన్నని బీట ఉన్నా ఆ బ్లేడ్ పక్కకి పోవాల్సిందే. ఎందుకంటే ఒక్క బ్లేడ్ ఊడినా తన వెనక ఉన్న వరసల్ని నరుక్కుంటూ పోతుంది.

"తయారు చేసినవాడికన్నా ఆపేసినవాడు ఎక్కువ నిద్రపోతాడురా" అంటారు మావయ్య. ఆయన ఆపేసేవాళ్లలో ఒకరు.

సరే, బ్లేడ్ బాగుంది, అన్ని పరీక్షలూ దాటింది. ఇప్పుడు విమానానికి బిగించొచ్చా? ఇంకా లేదు. దానికి కాగితం కావాలి. విమానంలో ముఖ్యమైన ప్రతి భాగానికీ ఒక లాగ్ కార్డు ఉంటుంది. ఏ పోతలో పుట్టింది, ఎవరు పరీక్ష చేశారు, ఏ ఇంజిన్‌లో ఎన్ని గంటలు తిరిగింది, ఎప్పుడు విప్పారు, మళ్లీ ఎక్కడ బిగించారు, ఎన్ని గంటలు మిగిలింది, అంతా అందులో ఉంటుంది. కార్డు పోతే భాగం కొత్తగా మెరుస్తున్నా పనికిరాదు, వయసు తెలియదు కాబట్టి. సాలూరు కొట్లో బోల్టుకి కార్డు అడిగితే నవ్వుతారు. అక్కడ బోల్టు విరిగితే లారీ రోడ్డు పక్కన ఆగుతుంది. ఇక్కడ ఆగడానికి రోడ్డు పక్క లేదు. మన దేశంలో సైనిక విమానాల్లో వాడే భాగాలకి ఎగిరే అర్హత ఇచ్చే సంస్థ సెమిలాక్. దాని ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి కోరాపుట్‌లోనే ఉంది. వేరే కంపెనీ అచ్చం అలాంటి భాగాన్నే సగం ధరకి చేసి ఇస్తానన్నా, ఈ పరీక్షలన్నీ మొదటి నుంచి దాటాలి. దానికి నెలలు కాదు, ఏళ్లు పట్టొచ్చు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు పడతారు. "ఇంజిన్ ఫ్యాక్టరీ మన దగ్గరే ఉంది కదా, నేవీ మిగ్‌లకి ఇబ్బంది ఏమిటి?" అంటారు. సునాబెడలో చేసే ఆర్‌డీ-33 వాయుసేన మిగ్-29లది. నేవీ మిగ్-29కెలో ఉండేది ఆర్‌డీ-33ఎంకె. రెండూ దగ్గరి చుట్టాలే, ఒక్కరు మాత్రం కాదు. మొదటిది 8,300 కిలోల తోపుడు ఇస్తే, ఎంకె 9,000 కిలోలు ఇస్తుంది. పొగ తక్కువ వచ్చేలా దాని దహన గదిని మార్చారు, కంట్రోల్ వ్యవస్థ డిజిటల్ చేశారు. అన్నకి కుట్టిన చొక్కా తమ్ముడికి సరిపోతుందనుకోవడం ఇంజిన్ల విషయంలో కుదరదు.

ఇంకో చిక్కు లైసెన్సు. ఫ్యాక్టరీ ఉండటం వేరు, హక్కు ఉండటం వేరు. డ్రాయింగులు ఇచ్చినవాడు ఏ భాగాలు మీరు చేసుకోవచ్చో, ఏవి తన దగ్గరే కొనాలో ముందే రాసుకుంటాడు. చేసుకోవచ్చన్న భాగాలకి కూడా ముడి లోహం ఎక్కడి నుంచి వస్తుందన్నది చూడాలి. సుఖోయ్‌ల కోసం 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ సునాబెడకి 240 ఇంజిన్ల ఆర్డరు ఇచ్చింది. విలువ 26,000 కోట్ల రూపాయల పైనే, ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్ల పని. ముడిసరుకు దశ నుంచి ఇక్కడే చేసే ఇంజిన్ అది. అయినా స్వదేశీ వాటా సగటున 54 శాతం దాటుతుందనీ, చివరికి 63కి చేరుస్తామనీ లక్ష్యం పెట్టుకున్నారు. ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్న ఇంజిన్‌లోనే మిగతా భాగం బయటి నుంచి రావాలంటే, ఈ పని ఎంత లోతైనదో అర్థమవుతుంది. మనవాళ్లు తక్కువ పని చేశారని దీని అర్థం కాదు. హైదరాబాద్‌లో మిధాని ప్రత్యేక లోహాలు చేస్తోంది. రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబు డీఎంఆర్‌ఎల్ 2021లో కంప్రెసర్ డిస్కుల ఫోర్జింగ్ పద్ధతిని, అంటే వేడి లోహాన్ని నొక్కి మలిచే పద్ధతిని, సొంతంగా సాధించి, జాగ్వార్లకీ హాక్‌లకీ వాడే అడూర్ ఇంజిన్ల కోసం 200 డిస్కులు సరఫరా చేసింది. ఇలాంటి వార్త పేపర్లో లోపలి పేజీలో ఒక మూలన పడటం నాకు బాధగానే ఉంటుంది. కొత్త విమానం కొన్న వార్తకి ఉన్నంత చోటు దీనికీ దక్కాలి.

నేవీ మిగ్‌లకి ఉన్న మరో కష్టం సంఖ్య. మిగ్-29కె వాడే దేశాలు రెండే, రష్యా, మనం. లారీకి సాలూరులో బోల్టు ఎందుకు దొరుకుతుంది? ఆ మోడల్ లారీలు దేశంలో లక్షల్లో తిరుగుతున్నాయి కాబట్టి. కొన్ని పదుల విమానాల కోసం, అందులోనూ ఎప్పుడో ఒకటి పాడయ్యే భాగం కోసం, ఎవడూ ఏడాది పొడవునా మెషిన్ నడపడు. ఆర్డర్లు పోగయ్యే దాకా ఆగి, ఒక్కసారి మెషిన్ సర్ది, ఓ గుంపుగా చేసి పంపుతాడు. ఈలోగా ఇక్కడ విమానం పడి ఉంటుంది.

బావ అడిగినట్టు ముందే ఎక్కువ కొని పెట్టుకోవచ్చు కదా? కొంతవరకే. రబ్బరు సీళ్లు, గొట్టాలు, బ్యాటరీలు, ఎజెక్షన్ సీటులో పేలే గుళ్లు, వీటికి అలమారాలో ఉన్నా వయసు అయిపోతుంది. పోనీ పాడవనివి కొందామంటే ఏది ముందు పోతుందో కొత్త విమానానికి ఎవరికీ తెలియదు. మొదటి కొన్నేళ్లు అనుభవమే చెప్పాలి. కొన్నవి అలమారాలో మిగిలి, కొననివి రోజూ కావలసి రావడం ఏ విమాన స్క్వాడ్రన్‌లో అయినా మామూలే.

ఇదంతా నేల మీది కథ. నౌక బయల్దేరాక కథ మారుతుంది. ఐఎన్ఎస్ విక్రాంత్ పొడవు 262 మీటర్లు, బరువు 45,000 టన్నుల దాకా. వినడానికి ఊరంత ఉంది. కానీ అందులో విమానాలు, హెలికాప్టర్లు కలిపి 30 దాకా, వాటి ఇంధనం, ఆయుధాలు, వందల మంది మనుషులు, వాళ్ల తిండి, నీళ్లు, అన్నీ సర్దాక స్పేర్లకి మిగిలే చోటు కొలిచి ఇచ్చిందే. ఒక ఇంజిన్ పెట్టె పెట్టాలంటే ఇంకేదో వదిలేయాలి. ఏది మోయాలో, ఏది ఒడ్డున ఉంచాలో తేల్చడం ఒక శాస్త్రం. తేల్చిన లెక్క తప్పితే సముద్రం మధ్యలో క్లీనరు ఏ బండిని పట్టుకుని ఏ సాలూరు పోతాడు?

దీనికి మన దగ్గర ఒక మంచి ప్రయత్నం జరిగింది, పైగా విశాఖ నుంచే. అక్కడి నౌకాదళ పరిశోధన ల్యాబు ఎన్‌ఎస్‌టీఎల్, ఇంకో రెండు డీఆర్‌డీవో ల్యాబులు కలిసి ఏడీసీ-150 అనే పెట్టె తయారు చేశాయి. 150 కిలోల సామాను పడుతుంది. విమానం లోంచి పారాచూట్‌తో సముద్రంలో వదిలితే నౌకవాళ్లు తీసుకుంటారు. 2023 ఏప్రిల్‌లో గోవా తీరాన ఐఎల్-38 విమానం నుంచి వదిలి చూశారు. తీరానికి 2,000 కిలోమీటర్ల పైన ఉన్న నౌకకి కూడా, స్పేరు కోసం వెనక్కి రానక్కర్లేకుండా, సామాను అందించడం దీని ఉద్దేశం. నూట యాభై కిలోల్లో ఒక పంపు పట్టొచ్చు, ఒక ఎలక్ట్రానిక్ పెట్టె పట్టొచ్చు. ఇంజిన్ పట్టదు. అమెరికా నౌకాదళం కూడా ఇదే గోడకి తగిలింది. నౌకలకి సామాను మోసే వాళ్ల పాత సీ-2 విమానంలో ఎఫ్-35 ఇంజిన్ ముఖ్య భాగం పట్టలేదు. దాన్ని మోయగల సీఎంవీ-22బీని తెచ్చుకున్నారు.

స్పేరు రాలేదు, రేపు ఎగరాలి. అప్పుడేం చేస్తారు? లారీ గ్యారేజీలో ఏం చేస్తారో అదే. ఎలాగూ ఆగిపోయి ఉన్న బండిలోంచి పార్టు విప్పి, తిరిగే బండికి వేస్తారు. అత్యవసరంలో తప్పు లేదు. కానీ లెక్క చూడండి. స్పేరు ఉంటే విప్పడం ఒకసారి, బిగించడం ఒకసారి. పక్క విమానంలోంచి తీస్తే విప్పడం రెండుసార్లు, బిగించడం రెండుసార్లు. విప్పిన ప్రతిసారీ పక్కనున్న ఇంకో పైపుకి గీత పడొచ్చు, కనెక్టరు వంగొచ్చు. 1996 నుంచి 2000 దాకా అయిదేళ్లలో అమెరికా నేవీ, వాయుసేనలు ఇలా దాదాపు 8,50,000 సార్లు చేశాయనీ, అందుకు 53 లక్షల గంటల అదనపు పని పడిందనీ అక్కడి ఆడిట్ సంస్థ లెక్క కట్టింది. పార్టులు ఇస్తూ పోయిన విమానం మెల్లగా అస్థిపంజరం అవుతుంది. దాన్ని మళ్లీ లేపడం కొత్తది కొనడం కంటే కష్టం అవుతుంది. అందుకే, "45 విమానాలు ఉన్నాయి" అన్న మాటకి నా దృష్టిలో పెద్ద విలువ లేదు. రేపు పొద్దున ఎన్ని లేస్తాయన్నదే అసలు అంకె.

ఇక రాజకీయం. స్పేర్ పార్టు అమ్మేవాడి చేతిలో ఒక కొళాయి ఉంటుంది. ఇరాన్ షా కాలంలో అమెరికా నుంచి 79 ఎఫ్-14లు కొనుక్కుంది. నౌకల మీద నుంచి ఎగరడానికి పుట్టిన విమానమే అది. 1979లో అక్కడ విప్లవం వచ్చింది, కొళాయి కట్టేశారు. అమెరికా తన ఎఫ్-14లని 2006లో రిటైర్ చేశాక, పాత పార్టులు చేతులు మారి ఇరాన్ చేరతాయన్న భయంతో అమ్మకం ఆపేసి, విమానాలనే తుక్కు కింద కోసేసింది. మనకి అంత దాకా రాలేదు, కానీ తడి తగిలింది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు నిన్నటిదాకా ఒకే దేశంలో ఉన్న ఫ్యాక్టరీలు తెల్లారేసరికి వేరు వేరు దేశాల్లో పడ్డాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఇస్తానన్న సరుకు ఇవ్వలేకపోతోందని మన వాయుసేన 2023లో పార్లమెంటు కమిటీకే చెప్పింది. బ్రిటన్ తను తయారు చేసిన నౌకా విమానాలు సీ హారియర్లని 2006లోనే పక్కన పెట్టేస్తే, మనం 2016 దాకా వాటిని ఎగరేశాం. సొంత దేశమే వదిలేసిన విమానాన్ని పదేళ్లు లాక్కొచ్చిన ఆ టెక్నీషియన్లకి చేతులెత్తి దండం పెట్టాలి. ఆ విమానం ఇప్పుడు విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లలతో వెళ్లినప్పుడు చుట్టూ తిరిగి రెండు నిమిషాలు ఎక్కువ చూడండి.

ఇప్పుడు రఫాల్ మెరైన్ ఒప్పందం. 22 ఒంటి సీటువి, 4 రెండు సీట్లవి. దాదాపు 63,000 కోట్లు. ఈ డబ్బులో విమానాలతో పాటు శిక్షణ, సిమ్యులేటరు, ఆయుధాలు, పనితీరు ఆధారిత లాజిస్టిక్స్ అనే ఏర్పాటు కూడా ఉన్నాయి. నాకు ఎక్కువ నచ్చింది ఈ చివరిదే. పాత పద్ధతిలో పార్టు పాడైతే ఆర్డరు పెట్టి డబ్బు కడతాం. ఎంత పాడైతే అమ్మేవాడికి అంత లాభం. ఈ పద్ధతిలో ఇన్ని శాతం విమానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలని ముందే మాట తీసుకుంటాం. వాయుసేన 2016లో కొన్న 36 రఫాల్‌లకి ఆ మాట 75 శాతం. పార్టు తొందరగా పాడైతే నష్టం కంపెనీది కాబట్టి, పాడవకుండా చూసుకునే బాధ్యతా కంపెనీదే. వాయుసేన రఫాల్‌కీ నేవీ రఫాల్‌కీ ఇంజిన్ ఒకటే, ఎం-88. అది 21 ముక్కలుగా విడదీసేలా కట్టిన ఇంజిన్, పాడైన ముక్క ఒక్కటీ మార్చి మిగతాదాన్ని తిప్పుకోవచ్చు. దాని మరమ్మతు కేంద్రం హైదరాబాద్‌లో పెడతామని ఆ ఇంజిన్ చేసే సాఫ్రాన్ సంస్థ ప్రకటించింది. రఫాల్ ఒంటి భాగాలు అక్కడే తయారు చేయడానికి 2025 జూన్‌లో టాటాలతో రఫాల్ కంపెనీ డసో ఒప్పందం చేసుకుంది.

అయితే ఇలాంటి మాటకి గడువు ఉంటుంది. ఒప్పందం నడిచినన్నాళ్లు కంపెనీ చూసుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ ధర మాట్లాడుకోవాలి. అప్పటికి డ్రాయింగు మన చేతిలో ఉందా, టెస్ట్ బెంచి మన దగ్గర ఉందా అన్నదాన్ని బట్టి ఆ ధర ఉంటుంది. అందుకే బావా, ఈసారి పేపర్లో విమానాల ఒప్పందం వార్త చూస్తే ఎన్ని కొన్నారో చదివి ఊరుకోకు. కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో స్పేర్లు ఎన్నేళ్లకి రాశారో, మరమ్మతు ఎక్కడ చేస్తారో ఉంటుంది, అది చదువు.

ఆ 26 రఫాల్‌లు 2030 నాటికల్లా రావాలి. మిగ్-29కెలు అప్పటికి ఇరవై ఏళ్లవి అవుతాయి, అయినా వెంటనే వెళ్లిపోవు. అంటే కొంతకాలం రెండు రకాల విమానాలని మన నేవీ ఒకేసారి పోషించాలి. ఒకదాని మాన్యువల్ రష్యన్ నుంచి వచ్చింది, ఇంకొకటి ఫ్రెంచి నుంచి. ఒకదాని పానా ఇంకోదానికి పట్టదు. ఒకదాని టైరు, సీలు, పంపు, కొక్కెం, ఏదీ ఇంకోదానికి పనికిరాదు. చోటు కొలిచి ఇచ్చే నౌకలో ఈ రెండు అలమారాలూ పక్కపక్కన ఎలా సర్దాలో తేల్చే పని ఇప్పుడే మొదలవ్వాలి.